కాలేజీ మధ్యలో పిలుపొస్తే
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సుబేదార్ గారూ, ఈసారి ఆటల మీద మీరు ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్ పాసై రంగరూటుగా చేరినవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు రెజిమెంటు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడాను, ఆ తర్వాత అదే జట్టుకి ఉస్తాదుగా ఉన్నాను. పండగ వంట గురించి మాట్లాడమంటే లంగర్ కమాండరుని పిలవాలి గానీ, బంతి గురించి అయితే నాలుగు ముక్కలు చెప్పగలను.

అయితే నేను చెప్పబోయేది మన దేశం సంగతి కాదు, అమెరికా సంగతి. ఎందుకంటే మన ఇళ్ళల్లో ఇవాళ జరుగుతున్న ఒక చర్చ వాళ్ళ దగ్గర యాభై ఏళ్ళ పైగా నడుస్తోంది. కుర్రాడు కాలేజీలో చదువుతూ బాగా ఆడుతున్నాడు. మధ్యలో పెద్ద జట్టు పిలుస్తుంది. చదువు వదిలి వెళ్ళాలా, ఉండాలా? కోర్టుల దాకా వెళ్ళి, దెబ్బలు తిని, లాభాలు చూసి వాళ్ళు నేర్చుకున్నది చాలా ఉంది. మనం ఊరికే తెలుసుకోవచ్చు.

ముందు అక్కడి పద్ధతి చెబుతాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. అమెరికాలో పెద్ద లీగు ఎన్‌బీఏ. 30 జట్లు. ఏటా జూన్‌లో డ్రాఫ్టు అని జరుగుతుంది, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళను వంతుల వారీగా ఎంచుకుంటాయి. రెండు రౌండ్లు, మామూలుగా 60 పేర్లు. ఆ పేర్లు ఎక్కువగా కాలేజీ జట్ల నుంచే వస్తాయి. కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని పై విభాగంలో 350కి పైగా కాలేజీలున్నాయి. ఒక్కో జట్టులో 13 మందికి స్కాలర్‌షిప్పు ఉండేది, 2025 నుంచి 15 మంది దాకా. లెక్క వేసుకోండి. నాలుగు వేల మంది పైచిలుకు ఆడుతుంటే, ఎంపికయ్యేది 60. అందులోనూ కొన్ని చోట్లు యూరప్ నుంచీ ఇతర దేశాల నుంచీ వచ్చేవాళ్ళకి పోతాయి. మన భర్తీ ర్యాలీలో గ్రౌండు నిండా కుర్రాళ్ళు నిలబడ్డ దృశ్యం మీకు గుర్తు రావాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ 60లో అందరూ సమానం కాదు. మొదటి రౌండులో పేరు వస్తే మొదటి రెండేళ్ళ జీతానికి పూచీ ఉంటుంది. మూడో ఏడు, నాలుగో ఏడు జట్టు ఇష్టం. రెండో రౌండులో పేరు వస్తే ఏ పూచీ లేదు, జట్టు ఒప్పందం ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. పేపర్లో మాత్రం ఇద్దరి గురించీ "ఎన్‌బీఏకి ఎంపికయ్యాడు" అని ఒకే అచ్చులో వేస్తారు. ఊళ్ళో ఇద్దరికీ ఒకే రకం దండలు.

ఈ సంగతి నాకు పుస్తకం చదివితే తెలియలేదు. కళ్ళారా చూశాను. 2016లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊరు. అక్కడ పొద్దున్నే వాకింగుకి వెళ్తే ముందు వినపడేది తెలుగే. ఆ ఊళ్ళోనే టెక్సాస్ లెజెండ్స్ అని ఒక జట్టు ఉంది. డాలస్ మావరిక్స్ వాళ్ళ కింది జట్టు, అప్పట్లో డీ-లీగు అనేవాళ్ళు. ఆ జట్టులో మన దేశం కుర్రాడు ఉన్నాడని తెలిసి అల్లుడు టిక్కెట్లు తెచ్చాడు. సత్నాం సింగ్. పంజాబ్‌లో బర్నాలా జిల్లా బల్లోకే గ్రామం. ఏడడుగుల రెండంగుళాలు. లూధియానా అకాడమీలో నేర్చుకుని, 2010లో పద్నాలుగేళ్ళ వయసులో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి స్కాలర్‌షిప్పు మీద వెళ్ళాడు. కాలేజీ ఆడకుండా నేరుగా 2015 డ్రాఫ్టుకి పేరిచ్చాడు. రెండో రౌండులో 52వ పేరుగా డాలస్ తీసుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్టులో పేరు వచ్చిన మొట్టమొదటి మనిషి. ఆరోజు మన టీవీల్లో ఎంత హడావుడి జరిగిందో మీకు తెలుసు.

నేను చూసిన రోజు అతను ఎక్కువసేపు బెంచీ మీద కూర్చున్నాడు. చివర్లో కొన్ని నిమిషాలు దింపారు. పాస్ అందుకోవటం, ఒడుపుగా తిరగటం బాగానే ఉంది. కాని అవతలి కుర్రాళ్ళ కాళ్ళ వేగం వేరు. ఒక పాత ఉస్తాదుగా చెబుతున్నా, అది తప్పు కాదు, తక్కువ మ్యాచులు ఆడినందువల్ల వచ్చే లోటు. ఆ వేగం రోజూ గట్టి జట్లతో ఆడితేనే వస్తుంది. కాలేజీలో రెండు, మూడేళ్ళు ఆడేవాడికి దొరికేది అదే. ఇంక జీతం సంగతి. ఆ ఏడాది ఎన్‌బీఏలో కొత్తవాడికి అతి తక్కువ జీతం 5 లక్షల 25 వేల డాలర్లు. డీ-లీగులో పై తరగతి వాడికి కూడా సీజనుకి పాతిక వేల డాలర్లకి అటూ ఇటూ. ఒకటే బంతి, ఒకటే కొలతల కోర్టు. మధ్యలో ఇరవై రెట్లు తేడా. సత్నాం ఎన్‌బీఏలో ఒక్క మ్యాచూ ఆడలేదు. 2017లో అక్కడి నుంచి వచ్చేశాడు, తర్వాత కొన్నాళ్ళు కెనడాలో ఆడాడు, 2021లో అమెరికా రెజ్లింగు కంపెనీలో చేరాడు. అతను సాధించింది చిన్నది కాదు, ఆ ఊరి నుంచి అంత దూరం వెళ్ళటమే గొప్ప. నేను చెప్పేది డ్రాఫ్టు రోజు దండల గురించి.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. ఒకప్పుడు హైస్కూలు అయ్యాక నాలుగేళ్ళు గడిస్తేగానీ ఎన్‌బీఏలో చేరకూడదని నియమం ఉండేది. దాన్ని ఎదిరించినవాడు స్పెన్సర్ హేవుడ్. మిసిసిపీలో పత్తి చేలల్లో కూలి చేసుకున్న తల్లి కొడుకు, ఇంట్లో పదిమంది పిల్లలు. పల్నాడు వాళ్ళకి, ఆదిలాబాద్ వాళ్ళకి పత్తి ఏరటం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. వేళ్ళు చీరుకుపోతాయి. 1968 ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చినప్పుడు అతనికి పంతొమ్మిదేళ్ళు. అంత మంచి ఆటగాణ్ణి నాలుగేళ్ళు జీతం లేకుండా ఆడమంటే ఇల్లు గడిచేదెట్లా? కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1971లో ఏడుగురు జడ్జీలు అతని పక్షాన, ఇద్దరు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. దాని తర్వాత కొన్నాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది ఉందని చూపించినవాడు చదువు మధ్యలో వెళ్ళవచ్చు. మనలో కుటుంబ కారణాల మీద పోస్టింగు కోసం కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్ళకి ఆ పద్ధతి ఎట్లా నడిచి ఉంటుందో అర్థమవుతుంది. 1976లో అదీ తీసేశారు, ఎవరైనా పేరివ్వవచ్చు అన్నారు.

తర్వాత హైస్కూలు నుంచే నేరుగా వెళ్ళటం మొదలైంది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్. ఈ పేర్లు మన పిల్లలకి కంఠతా వచ్చు. కాని అదే దారిన 1998లో వెళ్ళిన కోర్లియోన్ యంగ్ పేరు ఎవరికీ తెలియదు. రెండో రౌండులో 40వ పేరు. ఎన్‌బీఏలో ఆడింది మొత్తం మూడు మ్యాచులు. 2002లో లెనీ కుక్ అనే కుర్రాడు, ఒక దశలో లెబ్రాన్ కంటే పైవాడని చెప్పుకున్నవాడు, పేరిచ్చాడు. ఎవరూ తీసుకోలేదు. అప్పటికే ఏజెంటుని పెట్టుకున్నాడు కాబట్టి కాలేజీలో ఆడే దారీ మూసుకుపోయింది. 2005లో నియమం మార్చారు. డ్రాఫ్టు జరిగే ఏడాదిలో పంతొమ్మిదేళ్ళు నిండాలి, హైస్కూలు అయ్యాక ఏడాది గడవాలి. 2006 డ్రాఫ్టు నుంచి అది అమల్లో ఉంది. దాంతో ఏడాది కాలేజీలో ఆడి వెళ్ళిపోవటం ఆనవాయితీ అయింది. 2025లో డాలస్ వాళ్ళే మొదటి పేరుగా తీసుకున్న కూపర్ ఫ్లాగ్ అట్లా డ్యూక్‌లో ఒక్క ఏడాది ఆడి, పద్దెనిమిదేళ్ళకే వచ్చాడు.

మన సభలో నేవీ వాళ్ళు ఉన్నారు కాబట్టి డేవిడ్ రాబిన్సన్ సంగతి చెప్పకుండా వదలను. తండ్రి అమెరికా నేవీలో సోనార్ పని చేసినవాడు. కొడుకు 1983లో నేవల్ అకాడమీలో చేరాడు. చేరేనాటికి ఆటగాడుగా పెద్ద పేరేమీ లేదు. అక్కడ చదువుతుండగానే పొడవు పెరుగుతూ పోయి ఏడడుగుల ఒక అంగుళం అయ్యాడు. ఆ అకాడమీలో రెండేళ్ళు పూర్తయ్యేలోగా వదిలి వెళ్ళిపోతే సర్వీసు బాకీ ఉండదు. మూడో ఏడు మొదలుపెడితే బాండు పడుతుంది. అప్పటికే అతను దేశంలో పేరున్న ఆటగాడు. వేరే కాలేజీకి మారితే తొందరగా ఎన్‌బీఏకి వెళ్ళవచ్చు, కోట్లు సంపాదించవచ్చు. మారలేదు. గణితంలో డిగ్రీ పూర్తి చేశాడు. 1987లో శాన్ ఆంటోనియో స్పర్స్ వాళ్ళు మొదటి పేరుగా తీసుకున్నారు, కాని రెండేళ్ళు సర్వీసు చెయ్యాలి. మామూలుగా అయిదేళ్ళ బాకీ, అతని ఎత్తు ఓడలకి, జలాంతర్గాములకి సరిపడదని తగ్గించారు. ఏడడుగుల మనిషి జలాంతర్గామిలో ఎట్లా పడుకుంటాడో నేవీ తమ్ముళ్ళే చెప్పాలి! జార్జియాలో కింగ్స్ బే స్థావరంలో ఇంజనీరింగు విభాగంలో పనిచేశాడు. జట్టు రెండేళ్ళు కాచుకుంది. 1989లో అతను చేరాడు. అంతకుముందు సీజనులో 21 మ్యాచులు గెలిచిన స్పర్స్ ఆ సీజనులో 56 గెలిచింది. ఆఫీసర్లలో కింది మెట్టు మీదే సర్వీసు అయిపోయినా, జనం పెట్టిన పేరు మాత్రం అడ్మిరల్. మనలో ఎంతమందికి అంత తొందరగా ప్రమోషన్ వచ్చిందో చెప్పండి.

అదే శాన్ ఆంటోనియోకి 1997లో వచ్చినవాడు టిమ్ డంకన్. కరీబియన్ దీవుల కుర్రాడు. పద్నాలుగో పుట్టినరోజుకి ఒక్క రోజు ముందు తల్లి కేన్సరుతో పోయింది. డిగ్రీ పూర్తి చేస్తానని ఆమెకి మాట ఇచ్చాడు. మధ్యలో వెళ్తే పై వరసలోనే తీసుకుంటారని అందరూ చెబుతున్నా, వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్ళూ ఉండి సైకాలజీలో డిగ్రీ తీసుకున్నాకే బయటికి వచ్చాడు. మొదటి పేరు అతనిదే. రాబిన్సన్, డంకన్ కలిసి 1999లో, 2003లో కప్పు గెలిచారు.

ఇంతవరకు వింటే, చదువు పూర్తి చేసినవాడే బాగుపడ్డాడు, మధ్యలో వెళ్ళినవాడు చెడిపోయాడు అని నేను చెబుతున్నానని మీరు అనుకుంటారు. కాదు. ఇక్కడే మన పెద్దవాళ్ళం పిల్లల ముందు సగం కథ చెప్పి ఊరుకుంటాం. మిగతా సగం కూడా వినండి.

2007లో గ్రెగ్ ఓడెన్ ఒహాయో స్టేట్‌లో ఒక్క ఏడాది ఆడి వెళ్ళాడు. పోర్ట్‌లాండ్ వాళ్ళు మొదటి పేరుగా తీసుకున్నారు. సీజను మొదలయ్యే ముందే మోకాలికి ఆపరేషను. మొదటి ఏడు ఒక్క మ్యాచూ లేదు. తర్వాత మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. మొత్తం జీవితంలో ఎన్‌బీఏలో ఆడింది 105 మ్యాచులు. పాపం అంటాం. కాని ఆలోచించండి. ఆ మోకాలు కాలేజీలో రెండో ఏడో, మూడో ఏడో పోయి ఉంటే? ఆరోజుల్లో కాలేజీ కుర్రాడికి ఫీజు, వసతి, భోజనం తప్ప పైసా ఇవ్వకూడదని నియమం. చేతిలో ఏమీ ఉండేది కాదు. అతను తొందరగా వెళ్ళటం వల్లనే మొదటి రౌండు పూచీ జీతం దక్కింది. తర్వాత అదే ఒహాయో స్టేట్‌కి తిరిగి వెళ్ళి చదువుకుని 2019లో డిగ్రీ తీసుకున్నాడు. నా లెక్కలో ఓడెన్ సరిగ్గా చేశాడు.

2019లో డ్యూక్‌లో జయాన్ విలియంసన్ అనే కుర్రాడు ఆడుతుంటే, ఆట మొదలై నిమిషం కాకముందే బూటు చిరిగిపోయి మోకాలు బెణికింది. దేశమంతా గగ్గోలు. డబ్బు రాని ఆటకి కోట్ల విలువ చేసే మోకాలు ఎందుకు పణం పెట్టాలి అన్నారు. వాడు నయమయ్యాక మళ్ళీ వచ్చి కాలేజీ సీజను ఆడి ముగించాడు, జట్టు మీద ప్రేమ వేరే సంగతి. కాని అడిగిన ప్రశ్న తప్పు కాదు. 2010లో ఎన్‌సీఏఏ తన మార్చి నెల టోర్నమెంటు టీవీ హక్కులను 14 ఏళ్ళకి 1,080 కోట్ల డాలర్లకి ఇచ్చింది. ఆడిన కుర్రాడికి మాత్రం ఏమీ లేదు. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

షకీల్ ఓ'నీల్ పేరు మీకు తెలిసే ఉంటుంది. అతను ఫౌజీ ఇంట్లో పెరిగినవాడు. పెంపుడు తండ్రి అమెరికా ఆర్మీలో సార్జెంటు, మన హవల్దారు లెక్క. జర్మనీలో పోస్టింగు. లూసియానా స్టేట్ కోచ్ ఒకాయన అక్కడి ఆర్మీ స్థావరానికి శిక్షణ ఇవ్వటానికి వెళ్ళి, ఆ పొడుగు మనిషిని చూసి సిపాయి అనుకుని ర్యాంకు అడిగాడట. తీరా చూస్తే పదమూడేళ్ళ పిల్లవాడు. ఆ కోచ్ దగ్గరే మూడేళ్ళు ఆడి, 1992లో చదువు మధ్యలో ఎన్‌బీఏకి వెళ్ళాడు. డిగ్రీ పూర్తి చేస్తానని తల్లికి మాటిచ్చి వెళ్ళాడు. ఆడుతూనే చదివి 2000లో తీసుకున్నాడు, ఆ రోజు లేకర్స్ మ్యాచ్ మానుకుని పట్టా పుచ్చుకోవటానికి వెళ్ళాడు. 2012లో డాక్టరేటు కూడా. మైకేల్ జోర్డాన్ మూడేళ్ళ తర్వాత 1984లో వెళ్ళాడు, 1986లో డిగ్రీ పూర్తి చేశాడు. స్టెఫెన్ కరీ 2009లో వెళ్ళాడు, 2022లో పూర్తి చేశాడు. పదమూడేళ్ళ తర్వాత! ఇట్లాంటివి చూశాక నాకు ఒకటి తోచింది. వెళ్ళటం, ఉండటం కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. వెళ్ళేచోట కాగితం మీద పూచీ ఎంత? వదిలే చోట తలుపు తిరిగి తెరుచుకుంటుందా? సలహా చెప్పేవాడికి ఇందులో ఏం దక్కుతుందో కూడా కనుక్కోవాలి. ఎన్‌బీఏ ఒప్పందంలో ఏజెంటు గరిష్ఠంగా నూటికి నాలుగు తీసుకోవచ్చు. కుర్రాడు కాలేజీలోనే ఉండిపోతే ఆ నాలుగు ఈ ఏడు రావు. వాడు "వెళ్ళు నాయనా" అంటే అందులో ప్రేమ ఎంతో, నాలుగు శాతం ఎంతో చూసుకోవాలి. కాలేజీ కోచ్ "ఉండు నాయనా" అన్నా అంతే, ఆయన ఉద్యోగం కుర్రాడి బంతి మీద ఆధారపడి ఉంటుంది.

అక్కడివాళ్ళు ఈమధ్య దీన్ని కొంత బాగు చేసుకున్నారు. కాలేజీ కుర్రాడు డ్రాఫ్టుకి పేరిచ్చి, ఎన్‌బీఏ వాళ్ళ కమిటీ నుంచి తన స్థానం ఎక్కడో అభిప్రాయం తెప్పించుకుని, ట్రయల్స్ ఆడి చూసుకుని, బాగాలేదనుకుంటే గడువులోగా పేరు వెనక్కి తీసుకోవచ్చు. 2016 నుంచి ఆ గడువు ట్రయల్స్ అయ్యాక పది రోజుల దాకా పెంచారు. పర్డ్యూ కాలేజీలో జాక్ ఈడీ అనే ఏడడుగుల నాలుగంగుళాల కుర్రాడు ఇట్లాగే పేరిచ్చి చూసుకుని, రెండో రౌండు మాట వినపడేసరికి 2023లో వెనక్కి వెళ్ళిపోయాడు. 2024లో మళ్ళీ వస్తే మొదటి రౌండులో తొమ్మిదో పేరు. ఒక్క ఏడాది ఓపికకి పూచీ దొరికింది.

ఇంకో మార్పు, దీనికంటే పెద్దది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి వాటా ఇవ్వటం మొదలైంది. ఫలితం చూడండి. 2021లో డ్రాఫ్టుకి ముందస్తుగా పేరిచ్చినవాళ్ళు 353 మంది. 2025లో 106. కాలేజీకి పోకుండా జీతం మీద ఆడించే జట్టు అని ఎన్‌బీఏ వాళ్ళు 2020లో ఇగ్నైట్ పేరుతో ఒకటి పెట్టారు, మన పంజాబ్ కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ కూడా అందులో ఆడాడు. 2024లో దాన్ని మూసేశారు. కాలేజీలోనే డబ్బు దొరుకుతుంటే అక్కడికి ఎవరొస్తారు? కుర్రాళ్ళు చదువు మీద మమకారంతో ఆగారని ఎవరైనా అంటే నమ్మకండి. ఆకలి తగ్గింది, తొందర తగ్గింది.

ఇప్పుడు మన ఇంటికి వస్తాను. మనలో చాలామంది పదిహేడున్నర, పద్దెనిమిది ఏళ్ళకే చదువు వదిలి వచ్చినవాళ్ళం. మనం వచ్చిన రోజుల్లో కాగితం మీద పెన్షను పూచీ ఉంది. 2022 నుంచి వచ్చే తమ్ముళ్ళకి నాలుగేళ్ళు, ఆ తర్వాత నూటికి పాతిక మంది దాకా కొనసాగింపు. ఆ పథకం మంచిచెడ్డలు నేను మాట్లాడను, ఇది దానికి వేదిక కాదు. కాగితం మారింది కాబట్టి చదివే పద్ధతీ మారాలి అంటున్నా, అంతే.

మన సంఘ సభ్యుడొకరి అబ్బాయి డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. ఆరడుగుల అయిదంగుళాలు, ఎడమ చేత్తో కూడా బంతి వేస్తాడు, నేను చూశాను. ఒక సంస్థ జట్టు వాళ్ళు ట్రయల్స్‌కి పిలిచారు. ఎంపికైతే వెంటనే చేరాలట. తల్లి డిగ్రీ అయ్యేదాకా వద్దంటోంది. కుర్రాడు ఈ ఛాన్సు మళ్ళీ రాదంటున్నాడు. తండ్రి నా దగ్గరికి వచ్చి "అన్నా, నువ్వే చెప్పు" అన్నాడు. నేను వెళ్ళమనీ అనలేదు, మానమనీ అనలేదు. ఆ ఉద్యోగం పర్మినెంటా, ఒప్పందమా అని అడిగాను. తెలియదన్నాడు. మూడో ఏడు మోకాలు పోతే ఆఫీసులో కుర్చీ ఇస్తారా, ఇంటికి పంపుతారా అంటే, అదీ తెలియదు. కబురు తెచ్చిన మనిషి ఎవరు, అతనికి ఇందులో ఏముంది అంటే నవ్వాడు. ట్రయల్స్‌కి వెళ్ళటానికి భయపడనక్కర్లేదు, ఈడీ లాగా వెళ్ళి చూసుకుని రావచ్చు, కాలేజీలో టీసీ మాత్రం తీసుకోవద్దని చెప్పాను. మధ్యలో ఆపితే ఎన్నేళ్ళలోగా మిగతా పరీక్షలు రాయనిస్తారో యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోమన్నాను. నోటిమాట వద్దన్నాను.

ట్రయల్స్ వచ్చే నెలలో. ఆ తండ్రి ఈ హాల్లోనే వెనక వరసలో కూర్చున్నాడు, పేరు చెప్పను. ఎంపికైతే ఆ ఒప్పందం కాగితం తెస్తానన్నాడు. అప్పుడు వాడూ, నేనూ, కుర్రాడూ, ముఖ్యంగా ఆ తల్లీ, నలుగురం కూర్చుని చివరి పేజీ దాకా చదువుతాం. లీగల్ సంగతులు తెలిసిన జేసీఓ సాబ్ ఎవరైనా సభలో ఉంటే భోజనాల దగ్గర ఒకసారి నన్ను కలవండి, ఆరోజు మీరు కూడా వస్తే మంచిది.